శాసనం లేని రాళ్ళు

రాయి అన్న మాటను పాత నిఘంటువులు శకటరేఫతో ‘ఱాయి’ అని చూపిస్తాయి. ‘బండరాయికి బండి ఱ’ అని పిల్లలకు గుర్తుండేలా చెప్పేవాణ్ణి. ఆ బండరాయి గుడిగోడలోకి ఎలా నడిచివచ్చిందో మాత్రం చాలాకాలం ఆలోచించలేదు. గుడికి వెళ్ళామా, శాసనం చదివామా, ప్రదక్షిణం చేశామా, అంతే. ఉద్యోగ విరమణ తరువాత తీరికగా తిరగడం మొదలుపెట్టాకనే గుడికంటె ముందు గుట్టను చూడాలని తెలిసివచ్చింది.

మా మునగాలకు రాళ్ళతో చుట్టరికం పాతదే. చుట్టూ నిజాం రాజ్యం ఉండగా ఇది కృష్ణా జిల్లాకు చెందిన ఒంటరి పరగణాగా ఉండేది. 1959లో నల్లగొండ జిల్లాలోను, 2016లో కొత్తగా ఏర్పడిన సూర్యాపేట జిల్లాలోను చేరింది. ఈ జమీందారు రాజా నాయని వెంకటరంగారావు గారు; ఆయన దివాను కొమర్రాజు లక్ష్మణరావు గారు (1877–1923). 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం, 1906లో విజ్ఞానచంద్రికా మండలి వెలియడంలో ఈ ఇద్దరి చేయీ ఉంది. చరిత్ర వ్రాయాలంటే రాతిమీది వ్రాత చదవాలని తెలుగువారికి నేర్పినవారిలో లక్ష్మణరావు గారు ముందువరుసవారు. ఆయన గతించాక ఆయన పేరనే నడిచిన పరిశోధక మండలి 1935లో ‘తెలంగాణా శాసనములు’ మొదటి సంపుటం అచ్చువేసింది.

శాసనంలో రాజు పేరుంటుంది, దాత పేరుంటుంది, ఇచ్చిన భూమి ఉంటుంది, ఆ ధర్మానికి కీడు తలపెట్టినవానికి శాపమూ ఉంటుంది. గుట్టమీద ఎండలో నిలబడి రాయి చీల్చినవాని ఊసు ఉండడం అరుదు. సూర్యాపేటకు అయిదారు కిలోమీటర్ల దూరంలోని పిల్లలమర్రినే తీసుకోండి. రేచర్ల రెడ్డి ప్రభువుల ఊరు. నామిరెడ్డి 1202లో నామేశ్వరాలయం కట్టించాడు. బేతిరెడ్డి భార్య ఎరకసాని 1208లో ఎరకేశ్వరాలయం కట్టించింది. కాకతి గణపతిదేవుని ఏలుబడి తొలినాళ్ళు అవి. మంటపాల్లోని నల్లశానపురాతి స్తంభాల నునుపు చూస్తే అది రాయా, అద్దమా అని సందేహం కలుగుతుంది. కొన్ని రాళ్ళు తడితే పలుకుతాయి. (వెళ్ళినవారంతా తట్టి చూస్తున్నారు. దయచేసి మీరు మానండి.) అంత పనికి మొదటి దెబ్బ పడింది గుట్టమీద. ఆ దెబ్బకూ ఒక లిపి ఉంది.

గ్రానైటు బండమీద వరుసగా, జానెడో బెత్తెడో ఎడంతో, చిన్న చిన్న గుంటలు తొలిచి ఉండడం మీరు చూసే ఉంటారు. హంపిలోను, మహాబలిపురంలోను అవి బాగా కనిపిస్తాయి. మన గుట్టలమీదా ఉన్నాయి. మేకలకాపరులకు తెలుసు, మనకు తెలియదు. ఆ గుంటల్లో ఎండుకట్టె మేకులు బిగించి నీళ్ళు పోస్తే కట్టె ఉబ్బి రాయి పగులుతుందని పుస్తకాల్లో చదివి, అదే పాఠంగా చెప్పాను. ఒక వడ్డెర పెద్దాయన ఆ మాట విని నవ్వాడు. ఆయనకు ఇనుప చీలలూ సమ్మెటా తప్ప వేరే పద్ధతి తెలియదు. “కట్టెకు నార ఉన్నట్టు రాయికి వాటముంటది సారూ. వాటమెరిగి వరసగ కొట్టుకుంట పోతే అదే విచ్చుకుంటది” అన్నాడు. పుస్తకంలోని మాట అబద్ధమనను గాని, ‘వాటం’ అన్న ఆ ఒక్కమాట నాకు ఏ పుస్తకంలోను దొరకలేదు.

గుంట ఆకారాన్నిబట్టి కాలాన్ని కొంత అంచనా కట్టవచ్చు. ఉలితో తొలిచిన పాత గుంట వెడల్పుగా, నలుచదరానికి దగ్గరగా ఉంటుంది. తరువాతికాలపుది సన్నగా, గుండ్రంగా ఉంటుంది. సగానికి కోసిన గొట్టంలా నిలువునా పొడుగాటి చార కనిపిస్తే అది కంప్రెసరు యంత్రం పని. ఏ గుర్తూ లేక రొట్టె కోసినంత నున్నగా ఉంటే డైమండు తీగతో కోసినదన్నమాట. పాత పనివాడు గుట్టనుంచి తనకు కావలసిన రాయి తీసుకొని గుట్టను వదిలిపెట్టాడు. ఇప్పటి పనికి గుట్టే సరుకు.

రాయి కొట్టడమే తప్పని నేననను. నాగార్జునసాగరం (1955–67) రాతికట్టడమే, ఎత్తు సుమారు 124 మీటర్లు; వేలమంది చేతులమీదుగా లేచింది. దాని ఎడమకాలువ నీళ్ళతోనే మా మునగాల పొలాలు పచ్చబడ్డాయి. అన్నం పెట్టిన రాయిని నిందించలేను. కాని మునగాల పరిసరాల్లో నేను పిల్లలను నడిపించుకువెళ్ళిన చిన్నగుట్ట ఒకటి ఉండేది. దాని తూర్పుసగం ఇప్పుడు లేదు. దాదాపు 250 కోట్ల ఏళ్ళ వయసున్న రాయి, నాలుగైదేళ్ళలో పలకలై లారీలెక్కింది. మిగిలినది నీళ్ళు నిండిన గొయ్యి. అందులో ఈతకు దిగే పిల్లలను చూస్తే గుండె ఝల్లుమంటుంది. అంచునుంచే లోతు, ఎక్కిరావడానికి మెట్టన్నది ఉండదు.

గుట్టలకు జనం వెళ్ళడం మంచిదే. భువనగిరి ఏకశిలమీద రాళ్ళెక్కడం నేర్పుతున్నారు. మాలావత్ పూర్ణ 2014లో ఎవరెస్టు చేరడానికి తొలి అడుగులు అక్కడే వేసింది. దురాజుపల్లి పెద్దగట్టుకు రెండేళ్ళకొకసారి లింగమంతుల జాతరకు లక్షల జనం వస్తారు. ఉండ్రుగొండ రహదారి పక్కనే ఉంది. కోటగోడలు చూడబోయేవారు గోడతోపాటు కాలికింది బండనూ ఒకసారి చూడండి. పొద్దెక్కకముందే వెళ్ళాలి. ఏటవాలు వెలుగులోనే శాసనాక్షరాలయినా ఉలిగుంటలయినా నీడతేలి కనిపిస్తాయి. సుద్దగాని, రంగుగాని పూయకండి. పక్కన ఒక కొలబద్ద పెట్టి ఫొటో తీసి, ఊరి పేరు, గుట్ట పేరు, తేదీ వ్రాసుకొంటే చాలు.

నేను చెప్పిన ఆ చిన్నగుట్ట పడమటి సగంలో ఒక బండ ఇంకా ఉంది. దానిమీద పదకొండు గుంటలు. పది పూర్తిగా తొలిచినవి, పదకొండోది సగంలో ఆగింది. రాయి విచ్చుకోలేదు. వాటం కుదరలేదో, గుడికి రాళ్ళు సరిపోయాయో. మొన్న సంక్రాంతికి వెళ్ళి కొలతలు తీసుకువచ్చాను. ఒక్కొక్క గుంట నా బొటనవేలు పొడుగు ఉంది.