చిన్నదైపోయే లెక్క

ఈసారి నా పాత ఉద్యోగం గురించి, అంటే డ్రైవర్ కోడ్ గురించి రాస్తున్నాను. తప్పులుంటే చెప్పండి.

మా గుడిలో పండగ రోజు భక్తులను లెక్కపెట్టడానికి చేతిలో పట్టుకునే చిన్న కౌంటర్ ఉంది. నాలుగు అంకెలే. 9999 తర్వాత మళ్ళీ 0000. పదివేల మూడో మనిషి వస్తే అది 3 అంటుంది. వంటవాళ్ళు దాన్ని నమ్మితే ప్రసాదం ముగ్గురికే!

కంప్యూటర్‌లో 32 బిట్ల సంఖ్య కూడా 4,29,49,67,295 దాటితే సున్నాకి వచ్చేస్తుంది. సీ భాషలో మెమరీ అడిగేటప్పుడు మేము ఎన్ని కావాలో, ఒక్కోటి ఎంతో అక్కడికక్కడే గుణించేవాళ్ళం. 4 బైట్లవి 1,07,37,41,825 కావాలంటే 4,29,49,67,300 రావాలి. కానీ మిగిలేది 4. కెర్నల్ ఆ 4 బైట్లు ఇచ్చేస్తుంది. తర్వాత లూప్ పక్కవాళ్ళ మెమరీ మీద రాసుకుంటూ పోతుంది.

ఓవర్‌ఫ్లో అంటే నిఘంటువులో "పొంగిపొర్లడం" అని ఉంది. నాకు ఆ మాట నచ్చలేదు. పాలు పొంగితే కనబడుతుంది, మాడిన వాసన వస్తుంది. ఈ లెక్క చప్పుడు లేకుండా చిన్నదైపోతుంది.

2002లో ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్‌లో ఇదే బయటపడింది. అవతలివాళ్ళు పంపిన సంఖ్యని సర్వర్ చూసుకోకుండా గుణించింది. డ్రైవర్లకు కూడా సంఖ్య బయటినుంచే వస్తుంది. పైగా డ్రైవర్ కెర్నల్ లోపల ఉంటుంది, అది చెడితే మెషీన్ అంతా చెడినట్టే.

లినక్స్‌లో కేకాలక్ ముందే ఉంది. అది గుణకారం సరిచూస్తుంది, కానీ మెమరీ అంతా సున్నాలతో నింపుతుంది. ఆ పని అక్కర్లేనివాళ్ళ కోసం 2012లో, 3.4లో, కేమాలక్ అర్రే వచ్చింది. రెండు సంఖ్యలూ విడిగా ఇస్తాం, లబ్ధం పట్టకపోతే మెమరీ ఇవ్వదు.

అయినా ఒక చిక్కు మిగిలింది. ముందు ఒక హెడర్, వెనక ఎన్నో వరుసలు ఉంటే గుణకారంతో పాటు కూడిక కూడా ఉంటుంది. దానికి 2018లో, 4.18లో, కీస్ కుక్ స్ట్రక్ట్ సైజ్ తెచ్చారు. లెక్క దాటిపోతే అది చిన్న సంఖ్య చెప్పదు, సాధ్యమైన అతి పెద్ద సంఖ్య చెబుతుంది. అంత మెమరీ ఎవరూ ఇవ్వలేరు కాబట్టి పని అక్కడే ఆగిపోతుంది. నాకు ఇది చాలా తెలివైన ఉపాయం అనిపిస్తుంది.

నేను రాసిన ఒక డ్రైవర్‌లో, పరికరం 64 కంటే ఎక్కువ చెప్పదు అని నమ్మి, చెక్ పెట్టలేదు. నేను రిటైరైన రోజున కూడా ఆ లైను అలాగే ఉంది.