సాదా కాగితం – సర్కారు కాగితం

‘సాదా’ అంటే హంగులేనిది. ‘బై’ అంటే అమ్మకం. ‘నామా’ అంటే పత్రం. తెలంగాణ పల్లెల్లో పెద్దమనుషుల ఎదుట తెల్లకాగితం మీద వ్రాసుకున్న భూవిక్రయ పత్రమే సాదాబైనామా. ఎవరు అమ్మినది, ఎవరు కొన్నది, ఎంతకు, ఏ హద్దుల నడుమ – ఇంతే అందులోని సంగతి. చదువురాని రైతుకు ఒక్కసారి చదివి వినిపిస్తే చాలు.

అయితే ఈ కాగితానికి చట్టం విలువ యివ్వలేదు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం, 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం వంద రూపాయలకు తక్కువకాని స్థిరాస్తి అమ్మకానికి రిజిస్ట్రేషన్ తప్పనిసరి. చట్టానికి చెల్లే కాగితం రైతుకు అర్థంకాదు. రైతుకు అర్థమయ్యే కాగితం చట్టానికి చెల్లదు. ఈ వైరుధ్యానికి చారిత్రక మూలాలున్నవి.

నిజాం రాజ్యంలో కచేరీ భాష మొదట ఫారసీ, 1884 నుండి ఉర్దూ. దున్నేవాడు తెలుగువాడు. పహాణీలో తన పేరు పట్టాదారుగా ఎక్కినదో, కౌలుదారుగా ఎక్కినదో అతడు పట్వారీ నోటనే వినవలసివచ్చేది. చదవలేని లెక్క దొర చేతిలో కొరడాకంటె తక్కువ ఆయుధం కాదు. 1921 నవంబరులో హైదరాబాదులో ఒక సంస్కరణ సభలో ఆలంపల్లి వెంకటరామారావు అనే న్యాయవాది తెలుగులో మాట్లాడబోగా ఎగతాళి చేసినారు. ఆ అవమానం నుండే ఆంధ్ర జనసంఘం పుట్టినది.

1966లో తెలుగును అధికార భాషగా చేస్తూ శాసనం వచ్చినది. కాని తెలుగు లిపి వేరు, తెలుగు రైతు భాష వేరు. నిధి, నిక్షేప, జల, పాషాణ అంటూ సాగే అష్టభోగాల పదజాలం రాజుల తామ్రశాసనాలనుండి దస్తావేజుల్లోకి దిగివచ్చినది. ఫారసీ చేసిన పనినే సంస్కృత సమాసమూ చేయగలదు. ఉప్పల్, నాచారం అవతల దమ్మాయిగూడ వైపు పొలాలు యిళ్ల స్థలాలైన యీ రోజుల్లో, అర్థంకాని ఒక్క మాట ఖరీదు ఒక కుటుంబపు జీవితకాల కష్టార్జితం.

రిజిస్ట్రేషన్ లేకుంటే ఒకే భూమిని యిద్దరికి అమ్మరా అని అడగవచ్చు. నిజమే, ఆ రక్షణ పేదవానికే ఎక్కువ అవసరం. 1971 నాటి హక్కుల రికార్డు చట్టంలో తరువాత చేర్చిన 5-ఎ సెక్షన్ సాదాబైనామాల క్రమబద్ధీకరణకు వీలు కల్పించినది. 2020 చట్టంలో ఆ వీలు లేకపోయినది. 2025 భూభారతి చట్టం, 2014 జూన్ 2కు ముందు కొని 2020లో దరఖాస్తు పెట్టుకున్న చిన్న, సన్నకారు రైతులకు మళ్లీ దారి తెరచినది. అయితే పాత కాగితాలకు ముద్రవేయడంతో పని ముగియదు. సర్కారు కాగితపు బలమూ, సాదా కాగితపు తేటదనమూ ఒకే పత్రంలో కలవాలి. వేలిముద్ర వేసేవానికి తాను దేనికి ఒప్పుకుంటున్నాడో తెలియకపోతే, అది ఒప్పందం కాదు; లొంగుబాటు.