మినీ కారు ఇంజను ఆయిలు
మినీ కారు ఇంజను ఆయిలు, ఇంజనుతో పాటు గేరుబాక్సుకు, డిఫరెన్షియల్‌కు కూడా కందెనగా పనిచేస్తుంది. బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ 1959లో విడుదల చేసిన ఈ చిన్న కారు 2000 వరకు తయారైంది. రూపకర్త అలెక్ ఇస్సిగోనిస్ స్థలం ఆదా కోసం ఇంజనును అడ్డంగా అమర్చి, గేరుబాక్సును దాని అడుగున సంపులోనే ఉంచాడు.

ఆయిలు ఎంపిక

గేరు పళ్ళ మధ్య నలిగినపుడు, చిక్కదనాన్ని నిలిపే పాలిమర్ అణువులు తెగి ఆయిలు పలుచబడుతుంది. అందువలన సాధారణంగా 20డబ్ల్యూ-50 శ్రేణి ఖనిజ ఆయిలు వాడతారు. ఆధునిక కార్లలో వాడే 5డబ్ల్యూ-30 వంటి పలుచని ఆయిళ్ళు దీనికి తగవు. కామ్‌షాఫ్టు, టాపెట్ల అరుగుదలను తగ్గించే జింకు సమ్మేళనం అందులో తగినంత ఉండాలి. విడి గేరుబాక్సులకు వాడే గేరు ఆయిలును ఇందులో పోయరాదు.

ఆయిలును, ఫిల్టరును సుమారు 5,000 కిలోమీటర్లకు ఒకసారి మారుస్తారు. అశ్రద్ధ చేస్తే గేర్లు కూడా అరుగుతాయి. గేరుబాక్సు మరమ్మత్తుకు ఇంజను మొత్తాన్ని బయటకు తీయవలసి ఉంటుంది.