కొండ మీద కాఫీ, బజారులో ధర

మన సంఘం ప్రత్యేక సంచికకు చరిత్ర సంబంధమైన వ్యాసమొకటి రాయమని సంపాదక మిత్రులు కోరారు. రామతీర్థం వాణ్ణి కనుక గురుభక్తకొండ మీది బౌద్ధ శిథిలాల గురించో, దుర్గకొండ మీది జైన విగ్రహాల గురించో రాస్తానని వారు అనుకొని ఉండవచ్చు. వాటి మీద పెద్దలు చాలా రాశారు. నేను కాఫీ గురించి రాయదలచాను. అందుకు కారణం ఉంది. 2024 డిసెంబరులో న్యూయార్కు బజారులో అరబికా కాఫీ ధర 1977 నాటి రికార్డును దాటింది. 2025 ఫిబ్రవరిలో పౌను నాలుగు డాలర్లు దాటింది. ఆ వార్తలు చూసి మన ఇళ్లలో పిల్లలు, "బంగారం మీద పెట్టినట్టు కాఫీ మీద కూడా డబ్బు పెట్టవచ్చట కదా తాతయ్యా?" అని అడుగుతున్నారు. వారికి జవాబు చెప్పే ముందు, ఆ ధర ఇన్నేళ్లలో ఎవరిని పైకెత్తిందో, ఎవరిని ముంచిందో తెలుసుకోవడం మంచిది.

ధర మన చేతిలో లేకపోవడం మన ప్రాంతానికి కొత్త సంగతి కాదు. రామతీర్థానికి కూతవేటు దూరంలోని నెల్లిమర్ల జూట్ మిల్లు సంగతి అందరికీ తెలిసినదే. మన రైతు గోగు కోసి, చెరువులో ఊరవేసి, నార తీసి బండి కట్టేవాడు. ధర మాత్రం కలకత్తా నుంచి వచ్చేది. అక్కడ గోనె సంచులకు గిరాకీ ఉంటే ఇక్కడ పెళ్లిళ్లు, లేకపోతే అప్పులు. కాఫీ కథ కూడా ఇంచుమించు ఇలాంటిదే. కలకత్తాకు బదులు న్యూయార్కు, లండను అనుకుంటే సరిపోతుంది.

వాయిదా బేరం ఎలా పుట్టింది?

1880-81 ప్రాంతంలో న్యూయార్కులో కొందరు పెద్ద వర్తకులు కాఫీ సరుకంతా గుప్పిట్లో పెట్టుకొని ధర నిలబెట్టాలని చూశారు. అది కుదరలేదు, దివాళా తీశారు. వారితో పాటు ఎందరో నష్టపోయారు. ఆ దెబ్బ నుంచి తేరుకున్న వర్తకులు 1882లో అక్కడ కాఫీ ఎక్స్చేంజిని ప్రారంభించారు. దాని సూత్రం సులభమే. ఆరు నెలల తరువాత ఇవ్వవలసిన సరుకుకు ఈరోజే ధర ఖాయం చేసుకుంటారు. సరుకున్నవాడికి ధర పడిపోతుందన్న భయం ఉండదు, కొనేవాడికి పెరిగిపోతుందన్న భయం ఉండదు. ఆ భయాన్ని మూడోవాడొకడు లాభాపేక్షతో తన నెత్తిన వేసుకుంటాడు. వాడే సట్టా వ్యాపారి. అంటే వాయిదా బజారు పుట్టింది సరుకున్నవారి రక్షణ కోసం. సరుకు లేనివారు తరువాత చేరారు.

అయినా ఆ బజారు ధరను అదుపు చేయలేకపోయింది. 1930లలో ప్రపంచమంతా మాంద్యంలో ఉన్నప్పుడు బ్రెజిలు ప్రభుత్వం ధర నిలబెట్టడానికి 1931 నుంచి 1944 వరకు 7 కోట్ల బస్తాలకు పైగా కాఫీని తగులబెట్టింది, సముద్రంలో పారబోసింది. యుద్ధానంతరం 1962లో ఉత్పత్తి దేశాలు, వినియోగ దేశాలు కలిసి అంతర్జాతీయ కాఫీ ఒప్పందం చేసుకొని, ఎవరు ఎంత ఎగుమతి చేయాలో కోటాలు పెట్టుకున్నాయి. 1975 జులైలో బ్రెజిలులోని పరానా రాష్ట్రంలో ఒక్క రాత్రి పడిన మంచుకు తోటలు మాడిపోయాయి. డాలరు లోపు ఉన్న పౌను ధర 1977 నాటికి మూడు డాలర్లు దాటింది. 1989 జులైలో కోటాల ఏర్పాటు కూలిపోయింది. కొద్ది నెలల్లోనే ధర బాగా పడిపోయింది. 1994లో మళ్లీ మంచు, మళ్లీ పెరుగుదల. 1997లో మరోసారి మూడు డాలర్లు. ఈలోగా వియత్నాం విపరీతంగా కాఫీ పండించి బజారులో దించింది. 2001 చివరికి పౌను ధర యాభై సెంట్ల లోపుకు దిగింది. నాలుగున్నరేళ్లలో ఆరో వంతు కూడా మిగలలేదు. ఈ అంకెలు ఒక్కసారి మళ్లీ చదవండి. ఏ బ్యాంకు వడ్డీ రేటూ ఇలా ఎగిరి పడలేదు.

మన దేశంలో 'పూల్' పద్ధతి

మన దేశానికి కాఫీని 17వ శతాబ్దంలో బాబా బుడాన్ అనే సూఫీ సాధువు యెమెన్ నుంచి ఏడు గింజలుగా తెచ్చాడని ప్రతీతి. తోటలు పెద్ద ఎత్తున వేసింది మాత్రం ఆంగ్లేయులే. రెండో ప్రపంచ యుద్ధంతో ఐరోపా ఎగుమతులు ఆగిపోయి తోటల యజమానులు విలవిలలాడగా, ప్రభుత్వం 1940లో ఆర్డినెన్సు, 1942లో చట్టం తెచ్చి, పంటంతా కాఫీ బోర్డు పూల్‌కు అప్పగించాలని నిర్ణయించింది. ఇంటి వాడకానికీ, విత్తనానికీ మినహాయించి మిగిలిన గింజలన్నీ బోర్డువే. బోర్డు వేలం వేసి, వచ్చిన డబ్బును రైతులకు విడతలవారీగా చెల్లించేది. ఆ ఎదురుచూపు ఎలా ఉంటుందో మన డి.ఏ. బకాయిల అనుభవం ఉన్నవారికి వేరే చెప్పనవసరం లేదు.

ఆలస్యం ఉన్నా పూల్ వల్ల ఒక మేలు జరిగింది. రైతు నేరుగా న్యూయార్కు గాలికి కొట్టుకుపోలేదు. చెడు ఏమిటంటే, 1977లో ధర ఆకాశాన్ని అంటినప్పుడు కూడా ఆ లాభం పూర్తిగా రైతు చేతికి రాలేదు. మన కాఫీకి పెద్ద ఖాతాదారుగా ఉన్న సోవియట్ యూనియన్ 1991లో విచ్ఛిన్నమైంది. అటు రైతుల ఒత్తిడి, ఇటు సరళీకరణ విధానాలు. 1992 నుంచి బోర్డు పట్టు దశలవారీగా సడలింది. 1996 నాటికి పూల్ పూర్తిగా పోయింది. రైతు స్వతంత్రుడయ్యాడు. ఐదేళ్లు తిరగకుండా 2001 పతనం వచ్చి పడింది. స్వాతంత్ర్యం ఎలాంటిదో అప్పుడు తెలిసింది.

మన కొండల సంగతి

ఆంధ్ర ప్రాంతంలో మొదటి కాఫీ మొక్కలను 1898లో బ్రోడీ అనే ఆంగ్లేయ అధికారి తూర్పు గోదావరి ఏజెన్సీలోని పాములేరు లోయలో నాటించాడంటారు. 1920ల నాటికి అది అరకు, అనంతగిరి, చింతపల్లి వైపు వ్యాపించింది. 1956లో గిరిజన సహకార సంస్థ ఏర్పడింది. 1960లలో అటవీ శాఖ రిజర్వు అడవుల్లో కాఫీ వేసింది. ఆ తోటలు 1985లో అటవీ అభివృద్ధి సంస్థకు వెళ్లాయి. పోడు వ్యవసాయానికి బదులుగా గిరిజనులకు సొంత తోటలుండాలన్న ఆలోచనతో పాడేరు ఐ.టి.డి.ఏ. కాఫీని విస్తరించింది. సిల్వర్ ఓక్ చెట్ల నీడలో కాఫీ మొక్క, ఆ చెట్టుకే అల్లుకున్న మిరియపు తీగ. ఇదీ మన కొండల పద్ధతి. ఒక్కొక్కరికి ఒకటి రెండు ఎకరాలే. చిక్కమగళూరు ఎస్టేటు యజమానికీ, అనంతగిరి గిరిజనుడికీ పోలికే లేదు.

ఉద్యోగరీత్యా శృంగవరపుకోట మీదుగా ఆ కొండల్లో కొన్నేళ్లు తిరిగిన వాణ్ణి. నవంబరు నుంచి పండ్లు ఎర్రబడతాయి. పండు కోసిన రోజే తోలు తీసి, కడిగి, ఎండబెడితే మంచి ధర. అందుకు యంత్రం, నీళ్లు, కళ్లం, ఓపిక కావాలి. ఐదారు కిలోల పండ్లకు ఒక కిలో గింజ వస్తుంది. ఇంట్లో బియ్యం నిండుకున్నవాడు ఆగలేడు. కోయకముందే షావుకారు దగ్గర అడ్వాన్సు తీసుకుంటాడు, వారపు సంతలో షావుకారు చెప్పిన ధరకే పండ్లు తూచి ఇస్తాడు. నా దృష్టిలో అది కూడా వాయిదా బేరమే. కాకపోతే న్యూయార్కు బేరంలో ఇద్దరికీ ధర తెలుసు, సంత బేరంలో ఒక్కడికే తెలుసు.

ఈ పరిస్థితి కొంత మారింది. గిరిజన సహకార సంస్థ ముందుగా కొనుగోలు ధర ప్రకటించి సరుకు కొనడం వల్ల షావుకారు కూడా ధర పెంచక తప్పలేదు. నాంది ఫౌండేషన్ గిరిజన రైతులను సంఘటితపరచి, 2017లో పారిస్ నగరంలోనే 'అరకు' పేరుతో కాఫీ దుకాణం తెరిపించింది. 2019లో అరకు వ్యాలీ అరబికాకు భౌగోళిక గుర్తింపు లభించింది. నాణ్యతకు పేరు వస్తే న్యూయార్కు ధర మీద అదనంగా నాలుగు రూపాయలు అడగవచ్చు. అయితే 2025లో అరకు ప్రాంతంలో కాయతొలిచే పురుగు కనబడింది. ధర బాగున్న ఏడాదే పంటకు ముప్పు రావడం ఈ కాఫీ చరిత్రలో కొత్త కాదు.

మరి మన డబ్బు?

ఇప్పుడు పిల్లల ప్రశ్నకు వద్దాం. న్యూయార్కు బజారులో ఒక కాంట్రాక్టు అంటే 37,500 పౌన్లు, అంటే సుమారు 17 టన్నులు. పౌను నాలుగు డాలర్లయితే దాని విలువ లక్షా యాభై వేల డాలర్లు. అంతా కట్టనక్కరలేదు, మార్జిన్ పేరుతో కొంత కడితే చాలు. ఆశ పుట్టించేది ఇదే. కానీ పౌనుకు పది సెంట్లు పడితే 3,750 డాలర్లు నష్టం. ఆ లోటు వెంటనే పూడ్చకపోతే బేరం రద్దు చేసి మిగిలింది చేతిలో పెడతారు. పైగా విదేశీ ఎక్స్చేంజీలకు మార్జిన్ సొమ్ము పంపడాన్ని రిజర్వు బ్యాంకు నిబంధనలు అనుమతించవు. మన దేశంలో 1990ల చివర బెంగుళూరులో కాఫీ వాయిదాల ఎక్స్చేంజి పెట్టారు గాని అది నిలదొక్కుకోలేదు. 1953 నుంచి వాయిదా బజార్లను పర్యవేక్షించిన ఫార్వర్డ్ మార్కెట్స్ కమిషన్‌ను 2015 సెప్టెంబరులో సెబీలో విలీనం చేశారు.

మన తరం వారికి మరో సంగతి గుర్తుండాలి. 1990లలో టేకు తోటల పేరిట, ఫారాల పేరిట రంగు రంగుల కాగితాలు అమ్మారు. గ్రాట్యుటీ, కమ్యుటేషన్ సొమ్ములు అందులో పోసిన రిటైరైన ఉద్యోగులు ఎందరో ఉన్నారు. మొక్కలూ కనబడలేదు, మనుషులూ కనబడలేదు. 1999లో సెబీ నిబంధనలు వచ్చేసరికి చాలామంది సొమ్ము పోయింది. రేపు 'అరకు కాఫీ తోటలో వాటా' అని ఎవరైనా తలుపు తడితే ఆ రోజులు జ్ఞాపకం తెచ్చుకోండి. ఆ కొండల్లో గిరిజన భూమి గిరిజనేతరులకు బదలాయించరాదని 1970 నాటి 1/70 చట్టం చెబుతూనే ఉంది. అలాంటి వాటాకు కాగితం తప్ప నేల ఉండదు.

చరిత్ర చెప్పేది నాకు ఒక్కటిగానే కనిపిస్తుంది. ధర పెరిగినప్పుడు లాభపడ్డది సరుకు చేతిలో ఉండి ఆగగలిగినవాడు. కొండ మీది రైతుకు ఆ ఆగే శక్తి రావాలంటే సంత నాటికి న్యాయమైన ధర, సకాలంలో చెల్లింపు, షావుకారు అప్పు అక్కరలేని గింజలు ఇంట్లో ఉండాలి. పెన్షనరు డబ్బుకు ఆగే శక్తి లేదు. నెల నెలా మందులకూ, మనవల ఫీజులకూ అది కావాలి. కనుక వాయిదా బజారును తెలిసినవారికి వదిలి, పోస్టాఫీసులోనో బ్యాంకులోనో మన సొమ్ము ఉంచుకుందాం. కాఫీకి మనం చేయగల సాయం మరొకటి ఉంది. మా రామతీర్థంలో టీ కొట్లే ఎక్కువ. పండగకు పిల్లలు ఇంటికి వచ్చినప్పుడైనా గిరిజన సహకార సంస్థ దుకాణంలో ఒక పొట్లం కాఫీ పొడి కొనండి. ఆ పెట్టుబడిలో నష్టం రాదు, కొంత లాభం కొండెక్కుతుంది.