పుట్టుకలో లోపమా, తర్వాత తగిలిన దెబ్బా?

ఈ సంచికకు ఏదైనా రాయమని సంఘం వాళ్లు అడిగిన వారంలోనే, మా బ్యాచ్ మిత్రుడొకడు పలమనేరులో నన్ను తన అంగడికి పిలిచాడు. గల్లా పెట్టె అడుగు నుంచి కాగితంలో చుట్టిన పాత పది పైసల బిళ్ల తీసి చేతిలో పెట్టాడు. పూరేకుల అంచున్న అల్యూమినియం బిళ్ల. మనం బడి ముందర పుల్ల ఐసు కొనుక్కున్నది దాంతోనే. ఒకవైపు సింహాలు మామూలుగా ఉన్నాయి. రెండోవైపు కూడా సింహాలే, కానీ అద్దంలో బొమ్మలా తిరగబడి, లోపలికి గుంతపడి ఉన్నాయి.

"ఇట్టాంటి దానికి లక్షలిస్తారంట రా. పాప కాలేజీ ఫీజు కట్టేస్తా. ముందు రిజిస్ట్రేషన్ కింద ఐదు వేలు పంపమన్నారు. నువ్వు ఇంజనీరువి గదా, చూసి చెప్పు" అన్నాడు.

నాణెంలో తప్పుకు విలువ వచ్చింది యంత్రాలు వచ్చాకే. మన పక్క మైసూరు రాజ్యంలో హైదర్, టిప్పుల కాలపు ఏనుగు బొమ్మ రాగి కాసులను సుత్తితో కొట్టి చేసేవాళ్లు. కింద ఒక అచ్చు, పైన ఒక అచ్చు, నడుమ రాగి ముక్క. ముక్క కాస్త జరిగితే ఏనుగుకు తోకో తొండమో ఉండేది కాదు. అది తప్పు కాదు, ఆ పద్ధతే అంత. యంత్రం వచ్చాక ప్రతి నాణెమూ ఒకేలా ఉండాలన్న నియమం వచ్చింది. హైదరాబాదులో 1903లో సైఫాబాద్ టంకశాల మొదలైంది. 1997లో పని చర్లపల్లికి మారింది. పాత భవనంలో 2022లో నాణేల మ్యూజియం తెరిచారు. ఇప్పటికీ సంవత్సరం కింద చిన్న నక్షత్రం కనిపిస్తే అది హైదరాబాదు నాణెం.

నాణెం పుట్టేది మూడు మెట్లలో. ముందు లోహపు రేకు నుంచి బిళ్లలు కోస్తారు. తర్వాత బిళ్ల అంచును నొక్కి కొంచెం ఎత్తు చేస్తారు. చివరికి రెండు అచ్చుల మధ్య పెట్టి టన్నుల బరువుతో ఒక్క దెబ్బ కొడతారు. నిజమైన లోపం ఈ మూడింటిలో ఎక్కడో పుట్టి ఉండాలి. అచ్చు పైకి లేచిన తర్వాత జరిగింది ఏదైనా దెబ్బే.

అచ్చు మీద చీలిక వస్తే, లోహం ఆ చీలికలోకి పోయి నాణెం మీద ఉబ్బిన గీత అవుతుంది. నాణేన్నే ఎవరైనా గీకితే గీత లోపలికి దిగి, పక్కన లోహం గట్టు కడుతుంది. అచ్చులో జిడ్డు, మురికి చేరితే అక్షరం మసకబారుతుంది గానీ చుట్టూ నేల చెక్కుచెదరదు. ఆకురాయితో అరగదీస్తే ఆ నేల మీద సన్నని గీతలు మిగులుతాయి. యాసిడ్‌లో వేస్తే అక్షరాలు, అంచు, మందం అన్నీ కలిసి తగ్గుతాయి, బరువూ తగ్గుతుంది.

ఇప్పుడు మావాడి బిళ్ల సంగతి. కొట్టిన నాణెం ఒక్కోసారి కింద పడకుండా అచ్చుకే అతుక్కుంటుంది. తర్వాత వచ్చిన బిళ్ల మీద అచ్చుకు బదులు ఆ నాణెమే ముద్ర వేస్తుంది. అప్పుడు తిరగబడిన గుంత బొమ్మ నిజంగానే వస్తుంది. అలాంటివి అరుదు. అయితే ఆ వైపు అసలు అచ్చు బిళ్లను తాకనే తాకదు, కాబట్టి పది అంకె ఆనవాలు ఉండకూడదు. భూతద్దం పెట్టి, బిళ్లను వెలుతురుకు ఏటవాలుగా పట్టాను. గుంతపడిన సింహాల కింద నలిగిపోయిన పది అంకె కనిపించింది. రెండోవైపు సింహాల ముఖాలు చదునై ఉన్నాయి. రెండు బిళ్లలను ఒకదాని మీద ఒకటి పెట్టి బెంచ్ వైస్‌లో ఎవరో బిగించారు. అల్యూమినియం మెత్తనిది, దానికి పెద్ద కష్టం అక్కర్లేదు.

ఆ మాట చెప్పడం పరీక్షలో తప్పిన వాడికి మార్కులు చదివి వినిపించినంత కష్టమైంది. వాడు చాలాసేపు మాట్లాడలేదు. డబ్బు మాత్రం ఇంకా పంపలేదు, అదొక్కటే నయం. పాత నాణేలు కొంటామంటూ తన పేరు చెప్పి ఫీజులు అడిగేవాళ్లను నమ్మవద్దని రిజర్వ్ బ్యాంకు 2021 ఆగస్టులోనే హెచ్చరించింది. ఫీజు సంగతి మా బ్యాచ్ వాళ్లం కూర్చుని మాట్లాడుకున్నాం.

వచ్చేటప్పుడు గల్లాలోని చిల్లరంతా పరచి చూశాం. ఒక రూపాయి బిళ్లకు నెలవంకలా ఒక కొరుకు ఉంది. మన అమ్మలు పిండి ఒత్తి గ్లాసుతో గుండ్రంగా కోసేటప్పుడు, గ్లాసు పాత రంధ్రం మీద పడితే బిళ్లకు అట్లాంటి కొరుకే వచ్చేది. టంకశాలలో రేకు సరిగా జరగకపోతే ఇదే జరుగుతుంది. కొరుకుకు సరిగ్గా ఎదురుగా ఉన్న అంచు పలచగా, చదునుగా ఉంది. కొరుకు దగ్గర లోహం లేనందువల్ల, అంచు నొక్కే యంత్రం ఎదురువైపు గట్టిగా పట్టలేకపోయింది. ఎవరైనా తర్వాత కత్తిరించి ఉంటే ఎదురు అంచు బలంగానే ఉండేది. ఇది పుట్టుకలో లోపమే. లక్షలు రావు గానీ నిజమైనది.

"ఇది అమ్మను, పాపకిస్తా" అన్నాడు. వాడి అనుమతితోనే ఇదంతా రాశాను. మీ ఇంట్లో అలాంటి బిళ్ల ఉంటే, ఉత్సవం రోజు తీసుకురండి. భూతద్దం నేను తెస్తాను.