ఒకే నేల, రెండు లెక్కలు

సికింద్రాబాదు నుంచి కాజీపేట దాకా గోల్కొండ ఎక్స్‌ప్రెస్సూ, భాగ్యనగర్ ఎక్స్‌ప్రెస్సూ ఒకే దారిన వెళ్తాయి. కాజీపేట దాటాక ఒకటి విజయవాడ వైపు, ఇంకొకటి కాగజ్‌నగర్ వైపు తిరుగుతాయి. ఘట్‌కేసర్ దగ్గర పట్టా దెబ్బతిందనుకోండి. అది గోల్కొండ ఖాతాలో రాయాలా, భాగ్యనగర్ ఖాతాలో రాయాలా? "ఇదేం ప్రశ్న, పట్టా ఖాతాలో రాస్తే సరి" అంటారు మీరు. మనిషికి ఇది ప్రశ్నే కాదు. కానీ మ్యాపు సాఫ్ట్‌వేరుకి మనం "పట్టా" అన్నమాట చెప్పకుండా "రూటు" ఒక్కటే చెప్పి ఉంటే, అది నిజంగానే చిక్కులో పడుతుంది. సౌదీలో నేను జీతం తీసుకునేది చాలావరకు ఈ చిక్కు గురించే కాబట్టి దీని సంగతి కాస్త చెప్పాలనిపించింది. చరిత్రతో కలిపి చెబుతాను, కంప్యూటర్లు అక్కర్లేనివాళ్ళు కూడా ధైర్యంగా చదవొచ్చు.

రోడ్డు మీద ఒక చోటుని చెప్పడానికి రెండు పద్ధతులున్నాయి. అక్షాంశ రేఖాంశాలు చెప్పడం ఒకటి. "ఫలానా రోడ్డు మీద 212వ కిలోమీటరు" అనడం రెండోది. రోడ్లవాళ్ళు, రైల్వేవాళ్ళు, పైపులైన్లవాళ్ళు ఎప్పటినుంచో రెండోదాన్నే వాడుతున్నారు. 212 నుంచి 230 దాకా కొత్త తారు వేశారు, 215 నుంచి 219 దాకా ఇసుక మేట వేస్తుంది, 221 దగ్గర ఒంటెలు అడ్డం వస్తాయి. ఇలా గీతను ముక్కలు చెయ్యకుండా, ఒక పట్టికలో "ఏ రూటు, ఎక్కణ్ణుంచి, ఎక్కడిదాకా, ఏమిటి" అని రాసుకుంటే చాలు, మ్యాపు మీద గీసే పని సాఫ్ట్‌వేరుదే. ఆ పట్టికలో ఒక్కో వరసనీ మా భాషలో లీనియర్ ఈవెంట్ అంటారు. ఇలా అప్పటికప్పుడు గీతను పంచి చూపించడాన్ని డైనమిక్ సెగ్మెంటేషన్ అంటారు. 1980ల చివర్లో అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్ర రవాణా శాఖలో డేవిడ్ ఫ్లెచర్ వంటివాళ్ళు దీనికి ఒక రూపం ఇచ్చారు.

అంతా బాగానే ఉంటుంది, రెండు రోడ్లు కలిసి నడిచే చోటు వచ్చేదాకా. ఒక రహదారి ఇంకోదానిలో కలిసి, పద్దెనిమిది కిలోమీటర్లు దానితోపాటే నడిచి, మళ్ళీ విడిపోయిందనుకోండి. మొదటిదాని లెక్కలో ఆ ముక్క 212 నుంచి 230. రెండోదాని లెక్కలో 40 నుంచి 58. రెండోది ఎదురు దిక్కునుంచి మొదలైతే అదే ముక్క 58 నుంచి 40కి దిగుతుంది. నేల మాత్రం ఒకటే. ఇప్పుడు ప్రమాదాలు రాసే గుమాస్తా ఒకసారి మొదటి నంబరు వేస్తాడు, ఇంకోసారి రెండోది వేస్తాడు. ఏడు ప్రమాదాలు అటు, ఆరు ఇటు. పది దాటితేనే ప్రమాదకరమైన చోటు అని ఎర్రరంగు వేసే నిబంధన ఉంటే, పదమూడు ప్రమాదాలు జరిగిన ఆ ముక్క మ్యాపు మీద హాయిగా పచ్చగా కనిపిస్తుంది. ఎవరూ అబద్ధం రాయలేదు. లెక్క మాత్రం తప్పింది.

ఈ అంకెలు నేను ఉదాహరణకి వేసినవే. తంతు మాత్రం ఒకచోట నిజంగా చూశాను, పేరెందుకులెండి. ప్రమాదాల జాబితా ఒక రోడ్డు పేరు మీద, మరమ్మతుల జాబితా దానితో కలిసి నడిచే రెండో రోడ్డు పేరు మీద ఉన్నాయి. రెండూ ఎవరికివారే ఎంతో శ్రద్ధగా తయారుచేసినవి. రెంటినీ ఒకదానిమీద ఒకటి పెట్టి చూస్తే, ప్రమాదాలు జరిగే చోట మరమ్మతులే లేవని తేలింది. నిజానికి ఉన్నాయి, పక్క పేరు కింద.

ఇది కంప్యూటర్లతో పుట్టిన గొడవ అనుకునేవాణ్ణి. ఈ దేశపు దారుల చరిత్ర కొంచెం చదివాక తెలిసింది, మనిషి గీత గీసి కొలవడం మొదలుపెట్టిన నాటినుంచీ ఉన్నదేనని.

క్రీ.శ. 685 నుంచి 705 దాకా ఏలిన ఉమయ్యద్ ఖలీఫా అబ్దుల్ మలిక్ దారులు వేయించి రాళ్ళు పాతించాడు. వాటిలో కొన్ని పాలస్తీనా ప్రాంతంలో దొరికాయి. ఒకదానిమీద డమాస్కస్ నుంచి 109 మైళ్ళు అని ఉంది. ఇంకొకదానిమీద ఇలియా నుంచి, అంటే జెరూసలేం నుంచి, ఎనిమిది మైళ్ళు అని ఉంది. ఒకే రాజు, పక్కపక్క ప్రాంతాలు, లెక్క మొదలయ్యే చోట్లు మాత్రం రెండు. అన్నట్టు అరబ్బీలో 'మీల్' అంటే దూరమూ, రాయీ కూడా. అది లాటిన్ నుంచి వచ్చింది. మన 'మైలు' ఇంగ్లీషు చుట్టు తిరిగి అక్కణ్ణుంచే వచ్చింది. మైలురాయి అన్నప్పుడల్లా మనం రోమన్లకి ఒక నమస్కారం పెడుతున్నట్టే.

ఆ తర్వాత అబ్బాసీలు. ఇరాక్‌లోని కూఫా నుంచి మక్కా దాకా దాదాపు 1,400 కిలోమీటర్ల హజ్ దారి. అబ్బాసీ వంశంలో మొదటి ఖలీఫా అయిన సఫ్ఫా హయాంలో, హిజ్రీ 134లో, అంటే 751-52 ప్రాంతంలో, ఈ దారి పొడుగునా మైలురాళ్ళు, దీపస్తంభాలు కట్టించారని చరిత్రకారుడు తబరీ రాశాడు. తర్వాత హారూన్ అల్ రషీద్ భార్య జుబేదా బావులూ చెరువులూ తవ్వించడానికి ఇచ్చిన సొమ్ము వల్ల దీనికి దర్బ్ జుబేదా అన్న పేరు నిలిచింది. ఆమె 831లో చనిపోయింది, ఆ చెరువులు కొన్ని ఇప్పటికీ ఎడారిలో ఉన్నాయి. బస్రా నుంచి వచ్చే ఇంకో హజ్ దారి కూడా మక్కాకి ముందే దీన్ని కలుస్తుంది. అక్కణ్ణుంచి బస్రావాళ్ళదీ కూఫావాళ్ళదీ ఒకే బాట, ఒకే నీళ్ళు. కూఫా నుంచి వచ్చినవాడికి ఒక లెక్క, బస్రా నుంచి వచ్చినవాడికి ఇంకో లెక్క. దప్పిక మాత్రం ఇద్దరికీ ఒకటే. "తర్వాతి బావి ఎంత దూరం" అన్నదే వాళ్ళ ఈవెంట్ టేబులు. అందులో తప్పు దొర్లితే సరిదిద్దుకునే అవకాశం ఉండదు.

ఇక పడమటి వైపు హిజాజ్ రైలు. ఆటొమన్ సుల్తాన్ అబ్దుల్ హమీద్ 1900లో మొదలుపెట్టిస్తే 1908లో మదీనా చేరింది. డమాస్కస్ నుంచి మదీనాకి సుమారు 1,300 కిలోమీటర్లు. ప్రపంచం నలుమూలల ముస్లింలు చందాలిచ్చారు. మన హైదరాబాదులో ముల్లా అబ్దుల్ ఖయ్యూం ఆ చందాల కోసం చాలా తిరిగారు. అంటే ఆ పట్టాలలో కొంత ఇనుము మన దక్కను డబ్బుతో కొన్నదే అనుకోవచ్చు. ఈ రైలు చాలావరకు పాత సిరియా హజ్ దారి పక్కనే నడిచింది. తబూక్‌లోనూ, మదాయిన్ సాలెహ్‌లోనూ పాత యాత్రికుల కోట పక్కనే రైలు స్టేషను వెలిసింది. పాత దారిని ఒంటె నడిచే గంటల్లో, మజిలీల్లో కొలిచేవారు. రైలుని కిలోమీటర్లలో కొలిచారు. మొదటి ప్రపంచయుద్ధంలో బ్రిటిషువాళ్ళూ అరబ్బులూ ఈ పట్టాలు పేల్చినప్పుడు, ఏ కిలోమీటరు దగ్గర పేల్చారో నివేదికల్లో రాసుకున్నారు. అప్పటికి ఆ నేలకి ఒంటె లెక్క పోయి, డమాస్కస్ నుంచి వచ్చిన రైలు లెక్క స్థిరపడిపోయింది.

నాకు బాగా నచ్చిన ఉదాహరణ మాత్రం చమురువాళ్ళది. 1930లలో ఇరాక్ పెట్రోలియం కంపెనీ కిర్కుక్ నుంచి మధ్యధరా సముద్రానికి పైపులు వేసింది. ఒకటి హైఫాకి, ఒకటి ట్రిపోలీకి. రెండూ హదీసా దాకా జంటగా వచ్చి అక్కడ విడిపోయాయి. పంపింగు స్టేషన్లకి పేర్లు ఎలా పెట్టారో చూడండి. హైఫా గీత మీదవి హెచ్-1, హెచ్-2, అలా. ట్రిపోలీ గీత మీదవి టి-1, టి-2, అలా. మరి కలిసి నడిచిన ముక్కకి? హెచ్ అనలేదు, టి అనలేదు. కె-1, కె-2, కె-3 అన్నారు, కిర్కుక్ పేరు మీద. ఉమ్మడి ముక్కకి సొంత పేరు. ఇంత చిన్న విషయానికి మేము ఇప్పుడు నెలల తరబడి మీటింగులు పెడుతున్నాం. పైపుల్లో చమురు ఆగిపోయి దశాబ్దాలైనా జోర్డాన్‌లో హెచ్-4, సిరియాలో టి-4 అన్న పేర్లు చాలాకాలం వార్తల్లో వినబడ్డాయి. గీత చచ్చిపోయినా దాని మీద కొలిచిన చోటు బతికే ఉంటుంది.

సౌదీలో దీనికి తోబుట్టువు టాప్‌లైన్. ఖైసూమా నుంచి లెబనాన్‌లోని సైదా దాకా 1,214 కిలోమీటర్లు, 1947లో పని మొదలై 1950లో పూర్తయింది. ముందు హైఫాకే అనుకున్నారు, అది కుదరక సైదాకి తిప్పారు. ఓడల్లో చోటు కలిసి రావడానికి 30 అంగుళాల గొట్టాన్ని 31 అంగుళాల గొట్టంలో దూర్చి తెచ్చారట, మన ఇంట్లో గిన్నెలో గిన్నె పెట్టినట్టు. దారిలో సౌదీ వైపు ఖైసూమా, రఫ్హా, బదనా, తురైఫ్ అని నాలుగు పంపింగు స్టేషన్లు. పైపు పక్కనే రోడ్డు, స్టేషను దగ్గర నీటి బావి, బావి దగ్గర సంచార జాతులవాళ్ళ గుడారాలు, గుడారాలు పోయి ఇళ్ళు. బదనా పక్కన పెరిగిన అర్అర్ ఈవేళ ఉత్తర సరిహద్దు ప్రాంతానికి రాజధాని. 1967లో గొలాన్ ఇజ్రాయెల్ చేతిలోకి వెళ్ళింది, 1970లో సిరియాలో పైపు తెగి నెలల తరబడి ఆగింది, లెబనాన్ యుద్ధం వచ్చింది. చివరికి జోర్డాన్‌కి వెళ్ళే చమురు కూడా 1990లో ఆగిపోయింది. 2020లో సౌదీ ప్రభుత్వం దీన్ని దేశపు మొట్టమొదటి పారిశ్రామిక వారసత్వ కట్టడంగా నమోదు చేసింది. పైపు పోయింది. రోడ్డు ఉంది, ఊళ్ళున్నాయి. ఆ రోడ్డుని పెద్దవాళ్ళు ఇప్పటికీ టాప్‌లైన్ రోడ్డనే అంటారు.

మరి మా చిక్కుకి మందేమిటి? మూడు దారులు. ఒకటి, ఉమ్మడి ముక్క మీది ప్రతి సంగతినీ రెండు రూట్ల కిందా రాయడం. చూడ్డానికి బాగుంటుంది కానీ మొత్తం కూడితే దేశంలో లేని రోడ్డు పుట్టుకొస్తుంది, పద్దెనిమిది కిలోమీటర్ల తారుకి రెండు బిల్లులు తయారవుతాయి. రెండు, ఒక రూటుని పెద్దన్నగా పెట్టి, అన్నీ దాని కిందే రాసి, తమ్ముడి లెక్క కావాలన్నప్పుడు మార్చి చూపించడం. ఎక్కువమంది చేసేది ఇదే. కాకపోతే ఎవరు పెద్దన్న అన్నది ఇంజనీరింగు ప్రశ్న కాదు, ఆస్తి పంపకం. మూడు, ఆ చమురువాళ్ళు చేసినట్టు ఉమ్మడి ముక్కకి సొంత గుర్తింపు ఇవ్వడం, రెండు రూట్లూ దాన్ని వాడుకుంటాయని రాయడం. నా ఓటు దీనికే. పని ఎక్కువ, పాత పట్టికలన్నీ తిరగెయ్యాలి. కానీ సంగతి జరిగేది రూటు మీద కాదు, నేల మీద. రూటు మనం పెట్టుకున్న పేరు. పేర్లు మారుతూనే ఉంటాయి. హైదరాబాదు-విజయవాడ రోడ్డు 2010 నంబర్ల మార్పుకి ముందు 9, ఆ తర్వాత 65. తొమ్మిది కింద రాసుకున్న పాత సంగతుల్ని అరవై అయిదుకి ముడివెయ్యకపోతే, ఆ రోడ్డుకి జ్ఞాపకమే ఉండదు.

ఇదంతా ఎందుకంటే, ఇక్కడి హైవేల మీద లారీలూ టాంకర్లూ నడిపేవాళ్ళలో కరీంనగర్ వాళ్ళున్నారు, కడప వాళ్ళున్నారు. రాత్రిపూట ఏదైనా జరిగి ఫోను చేస్తే అవతలివాళ్ళు అడిగే మొదటి ప్రశ్న "ఏ రోడ్డు, ఎన్నో కిలోమీటరు" అనే. ఇద్దరి దగ్గరా ఒకే లెక్క ఉంటే అంబులెన్సు వస్తుంది. వేరువేరు లెక్కలుంటే ఎడారిలో వెతుకుతుంది. కాబట్టి ఈ రోడ్ల మీద వెళ్ళే మనవాళ్ళకి నేను చెప్పేది ఒకటే: కిలోమీటరు రాయి కనపడితే అంకె ఒక్కటే చూసి ఊరుకోకండి, దాని పైన రోడ్డు నంబరు ఏముందో కూడా గుర్తుపెట్టుకోండి.