రష్యా వింటర్ రైలు టూర్.. పగటి వెలుగు ఆరు గంటలే, ప్లాన్ ఇలా ఉండాలి

మంచు కప్పిన చర్చి గుమ్మటాలు, కిటికీ అవతల తెల్లటి అడవులు.. చలికాలంలో రష్యా రైలు టూర్ అదిరిపోతుంది. కానీ డిసెంబర్‌లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో పగలు ఆరు గంటలు కూడా ఉండదు. అందుకే ప్రయాణం రాత్రి, సిటీ చూడటం పగలు పెట్టుకోవాలి.

మాస్కో నుంచి అక్కడికి దాదాపు 650 కిలోమీటర్లు. సప్సాన్ హైస్పీడ్ రైల్లో నాలుగు గంటలే. అయితే 1931 నుంచి నడుస్తున్న రెడ్ యారో ఎక్కితే రాత్రి పడుకుని లేచేసరికి సిటీ వచ్చేస్తుంది. దిగేసరికి ఇంకా చీకటే, తొందరేం లేదు. బోగీలో వేడినీళ్ల బాయిలర్ ఉంటుంది, టీకి లోటుండదు.

ఇదే లైన్లో త్వేర్ ఉంది. 15వ శతాబ్దంలో బహమనీల బీదర్‌కు వచ్చిన వ్యాపారి అఫనాసీ నికితిన్ సొంతూరు. ఆయన రాసిన ‘పర్వత్’ మన శ్రీశైలమేనని చరిత్రకారులు చెబుతారు. వోల్గా ఒడ్డున ఆయన విగ్రహం తప్పక చూడండి.

మాస్కోకు తూర్పున వ్లదిమిర్‌లో 1164 నాటి గోల్డెన్ గేట్, కేథడ్రల్‌లో 1408లో ఆంద్రే రుబ్ల్యోవ్ వేసిన కుడ్యచిత్రాలు ఉన్నాయి. అసలు అందం మాత్రం సుజ్దాల్‌ది. అక్కడికి రైలే లేదు! రైల్వే లైను పక్క నుంచి వెళ్లిపోవడంతో పెద్ద ఫ్యాక్టరీలు రాలేదు, పాత ఊరు అలాగే మిగిలింది. వ్లదిమిర్ నుంచి రోడ్డున 26 కిలోమీటర్లు. ప్యాకేజీలో ఈ బస్సు ప్రయాణం ఉందో లేదో బుకింగ్‌కు ముందే అడగండి.

ఇంకో ముఖ్య విషయం. మన బ్యాంకులిచ్చే వీసా, మాస్టర్‌కార్డ్‌లు 2022 మార్చి నుంచి అక్కడ పనిచేయడం లేదు. ఏటీఎంలోనూ అంతే. క్యాష్ దగ్గర ఉంచుకోవాల్సిందే. ఫోన్‌ను కోటు లోపలి జేబులో పెట్టుకోండి, చలికి ఛార్జింగ్ టక్కున పడిపోతుంది.